ఊరంతా నోరు మూసిన ఆదివారం

మాలకొండమ్మని ఒకామె ఉండేది మా అమ్మమ్మోళ్ళ పల్లెలో. పల్లంటే పెద్దదేం కాదులే, కొండ కింద ముప్పై గడప. ఆ ముప్పై గడపలో ఎవురికి తలనొప్పొచ్చినా, ఎవురి బిడ్డ పాలు తాగకపోయినా, ఎవురి బర్రె ఈనలేక పొర్లాడినా మాలకొండమ్మ కావాల్సిందే. కీళ్ళనొప్పులంటే జిల్లేడాకుకి ఆముదం పూసి పెనం మీద ఎచ్చజేసి కట్టేది. బాలింతలకి వావిలాకు నీళ్ళు కాచి పోయించేది. పిల్లోడికి మాటలు ఆలీసమైతే సరస్వతాకు నూరి తేనెలో కలిపి నాలిక్కి రాసేది. పెళ్ళికెదిగిన పిల్లలొస్తే మొహానికి పెసరపిండీ పసుపూ కలిపిన నలుగు, తలకి గుంటగలగరాకు వేసి కాచిన నూనె, పళ్ళకి ఉత్తరేణి పుల్ల. గుమ్మానికి కలబంద తలకిందులుగా కట్టిచ్చేది, అది నీళ్ళు లేకండా గాలికే బతికితే ఆ ఇంటికి ఏ చెడూ అంటదని. ఇదంతా ఒక ఎత్తనుకో, ఆయమ్మ దిష్టి తియ్యటం ఒక ఎత్తు. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టుకోని తల చుట్టూ మూడు తిప్పులు తిప్పిందంటే, పొద్దున్నించి గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ బోసినోరేసుకోని నవ్వేదంట. నవ్వుతన్నావా నాయనా? నవ్వు నవ్వు. రాసుకునేదానికొచ్చినోడివి, నీకు నవ్వులాటే. నీ ఇంట్లో బిడ్డ ఏడ్చి ఏడ్చి నీకు దిక్కు తోచకండా చేసినప్పుడు ఉప్పు యాడుందా అని నువ్వే ఎతుక్కుంటావు.

ఆకు తెచ్చేదానికి ఒక పద్ధతుంది. పులుసులోకి కరేపాకు తుంచినట్టు తుంచుకొస్తే అది మందు కాదు, కూరాకు. ఆదివారం పొద్దు పొడవకముందే లేచి పోవాల. చెట్టు ముందర కూర్చోని, తల్లీ నీతో పనిబడింది, తీసకపోతన్నా, కోపం పెట్టుకోమాక అని మనసులో చెప్పుకోవాల. గోరు తగలనియ్యకూడదు, వేళ్ళతోనే తుంచాల. గోరు తగిల్తే ఆకు ఉలిక్కిపడి దాని సత్తువంతా వేర్లలోకి దిగిపోద్దంట. అన్నిటికంటే పెద్ద కట్టడి ఏందంటే, ఇంట్లోంచి కాలు బయటపెట్టిన కాణ్ణించి ఆకు తెచ్చి గుమ్మం లోపల పెట్టేదాకా నోరిప్పకూడదు. ఎదురొచ్చినోడు మునసబైనా సరే, సొంత అల్లుడైనా సరే. ఒక్క మాట జారిందా, చేతిలో ఉండేది ఇంక మేకలకే. మామూలుగా మాలకొండమ్మ వసపిట్ట. నిద్రలో కూడా మాట్టాడేది. ఆమె మొగుడు ఓబులేసని చానా మెత్తని మనిషి, వారానికి ఆ ఒక్క తెల్లారుజామే నా చెవులకి పండగ అనేవాడంట.

ఆ ఓబులేసుకి వదిన తిరపాలమ్మ. అంటే మాలకొండమ్మకి తోటికోడలు. ఇద్దరూ ఒకే ఏడు ఆ ఇంటికి కోడళ్ళుగా వొచ్చారు. వయసులో నాలుగు నెల్లే తేడా, తిరపాలమ్మ పెద్దది. ఆ నాలుగు నెలల్ని ఆయమ్మ నాలుగు పుట్ల గింజల్లాగా జాగర్తగా దాచుకుంది, నేను పెద్దదాన్ని నేను పెద్దదాన్ని అని. అయినా ఇద్దరూ కలిసే ఉండేవాళ్ళు. ఒకరి కూర ఒకరి ఇంటికి పోయేది, ఒకరి బిడ్డ ఒకరి చంకలో ఉండేది. తిరపాలమ్మకి జుట్టు చానా ఎక్కువ. నలభై ఐదేళ్ళొచ్చినా జడ మోకాళ్ళ కింద ఆడేది. మరి ఆ జుట్టుకి నూనె కాచేది ఎవురు? మాలకొండమ్మే. ఒకరోజేమైందంటే, మాలకొండమ్మ అరుగు మీద కూర్చోని ఆయమ్మకి తలదువ్వతా, నలుగురు ఆడోళ్ళు దారిన పోతావుంటే వాళ్ళకి వినపడేటట్టు, అక్కా ఈ చుట్టుపక్కల పదూళ్ళల్లో ఇంత జడ ఇంకొకదానికి ఉంటే చూపియ్యమను అనింది. అనింది సరే, అట్టా అన్నాక థూ థూ అనాలా లేదా? అన్లేదు. వారం తిరక్కముందే తిరపాలమ్మకి జరం తగులుకుంది. ఇరవయ్యొక్క రోజు లంకణం. లేచి చూసుకుంటే జుట్టు దువ్వెనకి కాదు, దిండుకి ఒచ్చేస్తంది, కట్టలు కట్టలు.

ఇంక తిరపాలమ్మ ఊరుకుంటదా. వీధిలోకొచ్చి, నూనె పోసిందీ దాని చెయ్యే, ఊడగొట్టిందీ దాని కన్నే అనేసింది. చూడమ్మా, ఆ మాట ఇంకెవురినన్నా అంటే ఇంత తిట్టు తిట్టి ఊరుకునేవాళ్ళు. ఊరందరి దిష్టీ తీసే మనిషిని పట్టుకోని నీదే పాడు కన్ను అంటే ఎట్టా ఉంటది? మాలకొండమ్మకి ఆ మాట గుండెల్లో దిగింది. ఈమె నాలుగంటే ఆమె పది అనింది. ఆఖర్న ఇద్దరూ పోలేరమ్మ రాయి ముందర నిలబడి, చచ్చినా నేను ముందర మాట్టాడనని ఒకరు, నా నోట్లోంచి ముందర మాటొస్తే నన్ను మనిషని పిలవమాకండని ఇంకొకరు, ఒట్టు పెట్టుకున్నారు. పెట్టుకున్నారా, ఇరవయ్యేళ్ళు. మధ్యలో ఒక్క మట్టిగోడ. జుట్టు మళ్ళీ జానెడొచ్చింది గానీ మాట రాలా. తిరపాలమ్మ మొగుడు పోయినప్పుడు మాలకొండమ్మ పోయి పదిరోజులూ వొండిపెట్టొచ్చింది, అన్నం ముందరబెట్టి గోడని చూస్తా, తినమనండి అనేదంట. ఎవుర్ని అనమంటందో ఆ గోడకే తెలియాల. తిరపాలమ్మేమన్నా చెప్పాలంటే కోడిపెట్టని పిలిచి చెప్పేది. ఆ కోళ్ళు కూడా తరాలు మారిపోయినాయి, మా అమ్మ చెప్పేది, పాపం వాటికి సంగతేందో తెలీకండానే తిట్లు తినేవి.

ఇట్టా ఉండగా ఏమైందంటే, పక్కూరి మునసబు కూతురికి కాన్పు కష్టమైతే మాలకొండమ్మని బండి కట్టి తీసకపోయారు. రెండురోజులుండి తల్లినీ బిడ్డనీ గట్టెక్కిచ్చింది. వాళ్ళు సంతోషంతో కొత్తకోక పెట్టి, ఎద్దులకి గజ్జెలు కట్టి బండి మీద తిరిగి పంపిచ్చారు. ఊళ్ళోకి బండొస్తంటే ముప్పై గడపా బయటికొచ్చి నిలబడింది. అబ్బ అరవై ఐదేళ్ళకి ఎట్టా ఉందో చూడు అని ఒకరు, ఆయమ్మ చేయి బంగారమని ఒకరు. ఒక్కరంటే ఒక్కరు థూ అన్లా. ఆ రాత్రికే మాలకొండమ్మకి అన్నం సయించలా. తెల్లారి ఆవలింతలు, ఒకదాని ఎనక ఒకటి, దవడలు నొప్పిపుట్టేదాకా. ఒళ్ళంతా గుంజుకపోతంది, కళ్ళు మూస్తే నిద్ర రాదు, తెరిస్తే ఎలుతురు సయించదు. తన మందులు తనే చేసుకుంది. నేలవేము కషాయం తాగింది, తిప్పతీగ నూరి మింగింది, వావిలాకు ఆవిరి పట్టింది. ఏదీ పట్టలా. వారానికి ఆయమ్మ మంచంలో ఉందో లేదో దుప్పటి ఎత్తి చూడాల్సొచ్చింది. అన్నిటికంటే ఓబులేసు దేనికి భయపడ్డాడంటే, ఆయమ్మ అడిగితే తప్ప మాట్టాడటం మానేసింది. పెళ్ళైన కాణ్ణించి ఒక్కరోజు ఎరగడు ఆయన ఆ నిశ్శబ్దం. పండగన్న మనిషే ఇప్పుడు గొడ్లచావిట్లో కూర్చోని ఏడ్చాడంట.

ఏందే ఇది అంటే, దిష్టి అని చెప్పింది మాలకొండమ్మ. ముప్పై గడప కళ్ళూ ఒకేసారి పడ్డాయి, నాకు తెలుసు, ఎంతమందికి తీసుంటాను. మరి తీసుకో అన్నాడు ఈ అమాయకుడు. ఎవురి దిష్టి వాళ్ళు తీసుకోకూడదు గదా. సరే నేను తీస్తానన్నాడు. మొగుడు తీస్తే పట్టదు, ఆడమనిషి తియ్యాల, అదీ నాకంటే పెద్దది తియ్యాల, చిన్నోళ్ళు తీస్తే ఆ దిష్టి పోయి వాళ్ళకే తగులుకుంటది అనింది. ఇన్నాళ్ళూ పెద్దోళ్ళకి కూడా నువ్వే తీశావు గదే అంటే, అందుకే గదా ఇప్పుడిట్టా పడున్నా అనింది. ఓబులేసు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మాలకొండమ్మ కంటే పెద్ద ఆడమనిషి ఊళ్ళో ఎవురున్నారు? చివరింటి పుల్లమ్మ ఉంది, ఆమెకి కళ్ళు కనపడవు, చేతులొణుకు, ఉప్పు తల చుట్టూ తిప్పమంటే ఊరి చుట్టూ చల్లుద్ది. ఇంక మిగిలింది ఒక్కతే. నాలుగు నెలల పెద్దది.

ఓబులేసు గోడ అవతలికి పోయాడు. వదినా, అది ఇట్టా ఉంది, నువ్వొక్కసారి దిష్టి తియ్యి అన్నాడు. తిరపాలమ్మ చింతపండు ఈనెలు తీస్తా తల ఎత్తలా. దాన్నొచ్చి నోటితో అడగమను అనింది. ఈయన ఇవతలికొచ్చి చెప్పాడు. మాలకొండమ్మ, నేను చస్తే పాడె మీద కూడా దాంతో ముందర మాట్టాడను, పోలేరమ్మ మీద ఒట్టు అనింది. మళ్ళీ అవతలికి పోయాడు. ఒట్టు దానికేనా, నాక్కూడా ఉంది అనింది తిరపాలమ్మ. అట్టా ఆ మనిషి గోడకి అటూ ఇటూ తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నాడు. తిరపాలమ్మకి జాలి లేక కాదమ్మా. ఆ వారంరోజులూ ఆమె ఇంట్లో కూడా పొయ్యి సరిగా ఎలగలేదని మా అమ్మ చెప్పింది. కానీ ఇరవయ్యేళ్ళు మోసిన పంతం, యాడ దించాలో తెలియదు గదా.

ఆఖర్న ఓబులేసుకి ఒక ఆలోచనొచ్చింది. జన్మలో ఆయనకొచ్చింది అదొక్కటే అంటారు, అయినా మంచిదే వొచ్చింది. పోయి వదిన ముందర గొంతుక్కూర్చున్నాడు. "వదినా, వావిలి మండ తెచ్చేటప్పుడు మాట్టాడతారా?" అన్నాడు. మాట్టాడకూడదు గదా అనింది. "దిష్టి తీసేటప్పుడు?" మంత్రం తప్ప మాట్టాడరు అనింది. "తీసిందాన్ని మూడుదార్ల కాడ పారేసి వొచ్చేటప్పుడు?" ఎనక్కి తిరిగి కూడా చూడకూడదు, మాటెక్కడిది అనింది. "మరి దాంతో నువ్వు మాట్టాడాల్సిన పనేముంది వదినా ఇందులో?" అన్నాడు. తిరపాలమ్మ చింతపండు కింద పెట్టింది. ఆలోచిచ్చి, నేను దానికోసం తియ్యటంలా, మా అత్త నిలబెట్టిన ఇంటికోసం తీస్తన్నా, అది తెలుసుకోమను అనింది. ఆ తెలుసుకోమను అన్నప్పుడు ఎదురుగ్గా ఉండేది ఓబులేసు గాదు, కోడిపెట్ట.

ఇంకా ఒక చిక్కుంది. ఇట్టాంటి ముదిరిన దిష్టికి ఉప్పూ మిరపకాయలతోబాటు వావిలి మండ కావాల, ఏ మండంటే ఆ మండ కాదు, రెమ్మకి ఐదాకులుండేది. వాగులో ఎక్కడ చూసినా మూడాకులదే. ఐదాకుల చెట్టు యాడుందో మాలకొండమ్మకే తెలుసు, తెంపేది మటుకు దిష్టి తీసే చెయ్యే తెంపాల. కాబట్టి ఇద్దరూ పోవాల. మొదటి ఆదివారం చీకటుండగానే బయల్దేరారు. ముందర మాలకొండమ్మ కర్ర పట్టుకోని పడతా లేస్తా, ఎనక తిరపాలమ్మ నాలుగు బారల దూరంలో. దూరం తగ్గితే మాట కలుస్తుందేమో అని భయం. వాగు కాడికి పోయినాక మాలకొండమ్మ కర్రతో చెట్టుని చూపిచ్చింది. తిరపాలమ్మ పోయి గోరుతో గిల్లబోయింది. మాలకొండమ్మ ఈమె చేతిమీద చట్టన ఒకటి ఏసింది. ఈమె తిరిగి ఒకటి ఏసింది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోవటం అదేనంట. సరే ఎట్టనో మండ తెంపారు, ఒస్తన్నారు, తిరపాలమ్మ కాల్లో తుమ్మముల్లు దిగింది. అమ్మా అనింది. అయిపోయింది. మాలకొండమ్మ ఆ మండ గుంజుకోని దారిన పోయే మేకకి పెట్టేసింది. అది మాట కాదు, ముల్లుతో అన్న మాట మనుషుల లెక్కలోకి రాదు అని ఓబులేసు ఎంత వాదిచ్చినా ఇద్దరూ ఒప్పుకోలా. ఆ ఒక్క సంగతిలో మటుకు ఇద్దరిదీ ఒకటే మాట, ఇద్దరికీ అత్త నేర్పిన పద్ధతి గదా.

రెండో ఆదివారం మండ తెంపటం బాగానే తెంపారు. తిరిగొస్తంటే చెంబు పట్టుకోని కోటిరెడ్డని ఒకాయన ఎదురొచ్చాడు. చూశాడు. ఇద్దరూ! కలిసి! చెంబు కింద పడేసుకున్నాడు. ఏం పెద్దమ్మా, ఇద్దరూ కలిసి యాడికి పోయొస్తన్నారు అన్నాడు. పలకలా. పెద్దమ్మా అన్నాడు. పలకలా. ఈయనకి అనుమానమొచ్చింది, వీళ్ళు మనుషులేనా లేకపోతే ఏమన్నా పూనిందా అని. ముందుకి పరిగెత్తుకొచ్చి చేతులడ్డం పెట్టి, చెంబు అడుగున మిగిలిన నీళ్ళు చల్లబోయాడు, మీరెవురు, మా పెద్దమ్మల్లో ఎందుకు దూరారు, ఏం కావాల మీకు అని. తిరపాలమ్మకి తిక్కరేగి, "నీ మొహం, పోరా అడ్డం" అనింది. ఆ మండ కూడా మేకకే. ఆ మేకకి ఆ రెండు వారాలూ ఒక్కరి దిష్టి కూడా తగలలేదని చెప్పుకునేవాళ్ళు.

కానీ నవ్వులాట కాదు అప్పటికి. మాలకొండమ్మ రెండోసారి ఇంటికొచ్చేటప్పటికి గుమ్మంలో కూలబడింది, ఎత్తి మంచంలో ఏశారు. ఇంకో ఆదివారం దాకా ఉంటదా ఉండదా అన్నట్టయింది. ఊరికి అప్పుడు భయమేసింది. ఆ మూడు వారాల్లో ఊరు ఊరంతా మూలన పడుంది. ఒకడికి చెవిపోటు, ఒకామెకి పాలు పడలా, కోటిరెడ్డికి నడుము పట్టింది, ఎవురికీ ఆకు తెలియదు. ఆకు తెలిసిన మనిషి పోతే ఆకులన్నీ పోయినట్టే, ఉంటాయి గానీ గడ్డై ఉంటాయి. అందుకని శనివారం సందేళ పెద్దోళ్ళంతా కూర్చోని ఒక కట్టుబాటు చేశారు. రేపు కోడి కూసిన కాణ్ణించి, సందేళ దిష్టి తీసి మూడుదార్ల కాడ పారేసి వొచ్చేదాకా, ఈ ఊళ్ళో ఎవురూ నోరిప్పకూడదు. వాళ్ళు మాట్టాడకపోతే చాలదు, వాళ్ళని మాట్టాడిచ్చేవాళ్ళే ఉండకూడదు. పిల్లోళ్ళకి బెల్లంముక్కలు నోట్లో పెట్టారు. కుక్కల్ని మడికట్లకి తోలారు.

ఆ ఆదివారం గురించి మా అమ్మ చెప్పేటప్పుడు ఇట్టా చేతులు తిప్పతా చెప్పేది, ఆమె అప్పుడు పెళ్ళికెదిగిన పిల్ల. పొద్దున్నే లేచి చూస్తే ఊళ్ళో చీపుర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదంట. అత్తలు కోడళ్ళని తిట్టటంలేదు. ఒకడు ఇంకొకడి గట్టు మీద పశువుని తోలితే ఇద్దరూ పిడికిళ్ళు చూపిచ్చుకోని, పళ్ళు కొరుక్కోని, ఎవురి దారిన వాళ్ళు పోయారంట. కోటిరెడ్డి మూతికి తువ్వాలు కట్టుకోని తిరిగాడు, నా నోటిమీద నాకే నమ్మకం లేదని. తోటికోడళ్ళిద్దరూ వాగుకి పోయారు. మాలకొండమ్మ నడవలేకపోతే తిరపాలమ్మే రెక్క పట్టుకుంది. నాలుగు బారల దూరం ఏమైందో తెలియదు. వేళ్ళతోనే తెంపింది, కళ్ళు మూసుకోని చెట్టుకి దణ్ణం పెట్టుకుంది, మండని కొంగులో ఏసుకోని మాలకొండమ్మని నడిపిచ్చుకోని గుమ్మందాకా తీసకొచ్చింది. ఊరంతా అరుగుల మీద నిలబడి చూసింది, ఒక్క నోరు తెరుచుకోలా.

మజ్జేనానికి ఏమైందంటే, ఉప్పోడొచ్చాడు. సముద్రం పక్క నించి రెండెద్దుల బండి మీద ఉప్పు తెచ్చి ఊరూరా అమ్మే మనిషి. ఊళ్ళోకొస్తానే "ఉప్పోయ్ ఉప్పు" అని ఒక కేకేశాడు. అంతే, ఇళ్ళల్లోంచి జనం ఉరుక్కుంటా వొచ్చారు, నలుగురు ఆడోళ్ళు నోటిమీద ఏలు పెట్టుకోని, ఇద్దరు ముసలోళ్ళు చేతులూపతా, తువ్వాలు కట్టుకున్న కోటిరెడ్డి ఒకడు. ఏందయ్యా అంటాడు ఉప్పోడు. ఊఁ అంటారు వీళ్ళు. ఏమైందమ్మా అంటాడు. ఏలు చూపిస్తారు. పిల్లోళ్ళు కూడా బుగ్గలుబ్బిచ్చుకోని చూస్తన్నారు. ఉప్పోడికి గుండె జారిపోయింది. అమ్మవారు ఈ ఊరికి నోళ్ళు కట్టేసింది, ఇంకాసేపుంటే నా నోరు కూడా పోద్ది, నోరు పోతే ఉప్పెట్టా అమ్మేది అనుకున్నాడు. ఒక బస్తా ఉప్పు దింపి పోలేరమ్మ రాయి ముందర పెట్టి, చెంపలేసుకోని, బండి తిప్పి ఎద్దుల్ని ఉరికిచ్చాడు. ఊరంతా పొట్ట పట్టుకోని కింద పడి పొర్లింది, శబ్దం రాకండా. నవ్వొచ్చి నవ్వకండా ఉండటం ఎంత కష్టమో మీరు ఒకసారి చేసి చూడండి. ఆ పొద్దు దిష్టికి ఆ ఉప్పే వాడారు.

దీపాలు పెట్టే ఏళకి మాలకొండమ్మని అరుగు మీద తూర్పుమొహంగా కూర్చోబెట్టారు. తిరపాలమ్మ తలకి పోసుకోని తడికోకతో వొచ్చింది. కుడిచేతిలో ఉప్పూ మిరపకాయలూ, వాటిమీద వావిలి మండ. ముప్పై గడప జనం వీధిలో నిలబడుంది. ఇప్పుడు వినండి, ఆ మంత్రం వాళ్ళ అత్త నేర్పింది. అందులో అందరి దిష్టీ పేరుపేరునా చెప్పాల, చెప్పి చెప్పి ఆఖర్న తీసేవాళ్ళు తమ దిష్టి కూడా చెప్పాల. నా కన్ను మంచిదే, మిగిలినోళ్ళవే పాడు కళ్ళు అనుకుంటా తీస్తే దిష్టి పోదు, చుట్టూ తిరిగి అక్కడే కూర్చుంటది. తిరపాలమ్మ చెయ్యి తిప్పటం మొదలుపెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అనింది. పొద్దుటాల నించి మాట లేక గొంతు బొంగురుపోయింది. ఊరి దిష్టి, వాడ దిష్టి, బండి మీదొస్తంటే చూసినోళ్ళ దిష్టి, దారినపోయే దానయ్య దిష్టి. రెండు తిప్పులయినాయి. మూడో తిప్పులో చెయ్యి ఆగిపోయింది. నా దిష్టి అనాల. అనలేకపోతంది. చెయ్యి గాల్లో అట్టనే ఉండిపోయింది. ఓబులేసు కళ్ళు మూసుకున్నాడంట. ఆఖరికి తిరపాలమ్మ అనింది.

"నా దిష్టి. ఇరవయ్యేళ్ళు గోడవతల కూర్చోని చూసిన దిష్టి. ఊరంతా దీని గుమ్మంలో ఉంటే నా గుమ్మంలో ఎవురూ లేరని ఏడ్చిన దిష్టి. తోటికోడలి దిష్టి, నా పాడు కళ్ళ దిష్టి. పోవాల, పోవాల, పోవాల."

అట్టా అని మూడోది తిప్పేసి, ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో పోసింది. మండ పట్టుకోని మూడుదార్ల కాడికి పోయింది. మాలకొండమ్మ అరుగు మీద కూర్చోని కదల్లా, మెదల్లా, కళ్ళెంట నీళ్ళు మటుకు కారిపోతన్నాయి. నోరు తెరవకూడదు గదా, పెదాలు కొరుక్కోని కూర్చుంది. జన్మలో ఆయమ్మ చేసిన పెద్ద కష్టం ఆ కాసేపు నోరు మూసుకోవటమే. నిప్పుల్లో పడిన మిరపకాయలు ఘాటొచ్చినాయా లేదా అంటావా? దిష్టుంటే ఘాటు రాదంటారు గదా. కొందరు రాలేదన్నారు. మా అమ్మ మటుకు, నా కళ్ళెంట నీళ్ళొచ్చినాయి, అవి మిరపకాయలకొచ్చినాయో దేనికొచ్చినాయో నాకు తెలీదని చెప్పింది.

తిరపాలమ్మ ఎనక్కి చూడకండా తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కోకండా గుమ్మం తొక్కకూడదు. చూస్తే మాలకొండమ్మే లేచి, చెంబుతో నీళ్ళు పట్టుకోని నిలబడుంది. పొద్దున రెక్క పట్టుకోకపోతే అడుగెయ్యలేని మనిషి. వొంగి ఆమె కాళ్ళమీద నీళ్ళు పోసింది. పోసి, నీళ్ళయిపోయినాక, మెల్లిగా చెప్పింది. "నేను మర్చిపోలేదక్కా ఆ పొద్దు. థూ అనాలని తెలుసు. అంటే నా నూనె గొప్ప తగ్గిపోద్దని అన్లేదు. నా కన్నే తగిలిందేమో. నాకూ తెలీదు." తిరపాలమ్మ తడికాళ్ళతో గుమ్మంలోకొస్తా, తెలుసులే, అన్నం తిన్నావా అనింది. లేదక్కా అనింది ఈమె. ఆ రాత్రి మాలకొండమ్మ గోడవతలింట్లో కూర్చోని చింతపండు పచ్చిపులుసుతో రెండుసార్లు పెట్టిచ్చుకోని తినింది. ఊళ్ళో ఇంక నోళ్ళు తెరుచుకున్నాయి చూడు, పొద్దుటాల నించి ఆపుకున్న మాటలన్నీ ఒకేసారి, ఆ గోలకి కొండమీది గొర్రెలు కూడా లేచి నిలబడ్డాయంట.

ఆ తర్వాత ఇద్దరూ ఇంకా పదేళ్ళు బతికారు. రోజూ పోట్లాడుకునేవాళ్ళు, ముందర మాట్టాడింది నువ్వే, కాదు నువ్వే అని. మంత్రంలో అన్నావు గదా అని ఈమె, మంత్రం మాటకాదు, కాళ్ళు కడుగుతా నువ్వే అన్నావు అని ఆమె. దిష్టి పోయిందో, లోపలుండే దిగులే పోయిందో నన్నడగమాకండి. నాకు తెలిసిందల్లా ఒకటే, ఎవురి చెయ్యి వాళ్ళ తల చుట్టూ తిరగదు. ఇంకొకరు తిప్పాల్సిందే. చెప్పటం తేలికేలే. నాకు ఈ మధ్య అన్నం సయించటంలా, ఆవలింతలు, నువ్వొచ్చి ఈ మాటలు పట్టే పెట్టె ముందరబెట్టి నా చేత చెప్పిచ్చుకుంటన్న కాణ్ణించి ఊరంతా నన్నే చూస్తంది గదా. నాకంటే పెద్దది ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది, ఎదురింటి నాగరత్తమ్మ. దాంతో నేను మాట్టాడి మూడేళ్ళయింది. అదుగో, తలుపుచాటున నిలబడి ఇదంతా వింటానే ఉంది, నాకు కనపడతందిలే. రేపు ఆదివారమే. మీరెవురూ నోరిప్పమాకండి.